అరుంధతి కనబడిందా?

పిల్లలూ! తార అంటే ఏమిటో చెప్పండి చూద్దాం.

మా ఫిల్మ్‌నగర్‌లో ఏ పిల్లవాణ్ణి అడిగినా, "సినిమాలో వేషం వేసేవాళ్ళు," అని ఠక్కున చెబుతాడు. అది తప్పు జవాబు కాదు. ఒకప్పుడు మద్రాసులో వుండిన తెలుగు సినిమావాళ్ళు మెల్లమెల్లగా హైదరాబాదుకు తరలివచ్చి, జూబ్లీహిల్స్‌లో ఈ బండరాళ్ళ గుట్టల మీద ఇళ్ళూ, స్టూడియోలూ కట్టుకున్నారు. పెద్ద పెద్ద తారల ఇళ్ళ గేట్ల ముందు, ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో వచ్చినవాళ్ళు గంటల తరబడి నిలబడి వుంటారు, ఒక్కసారి కనబడితే చాలునని. ఆ నిలబడినవాళ్ళలో తల పైకెత్తి ఆకాశంలోని తారలను చూసినవాణ్ణి మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. ఆ తారలకు గేటూ లేదు, కావలివాడూ లేడు. చూడదలిచినవాడికి రోజూ దర్శనమే!

నేను జిల్లాలలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడుగా రిటైరయినాను. నా వయస్సు 65. మా అబ్బాయి సినిమాలకు ఎడిటింగ్ పని చేస్తాడు. అతని దగ్గరే ఫిల్మ్‌నగర్‌లో వుంటున్నాను. చీకటిపడే వేళకు మా మేడమీదికి పదిమంది పిల్లలు వస్తారు. లైట్‌మన్ కొడుకు, మేకప్‌మన్ కూతురు, డ్రైవరుగారి కవలలు, ఇంకా ఇరుగుపొరుగు పిల్లలు. మేడమీద మాకు ఒకే ఒక నియమం వున్నది. కనబడితే కనబడిందనాలి, కనబడకపోతే కనబడలేదనాలి.

ఇంత చిన్న నియమం ఎందుకంటారా? మీరు పెళ్ళిళ్ళకు వెళ్ళివుంటారు. పురోహితుడు వధూవరులను వాకిట్లోకి తీసుకుపోయి, "అదిగో అరుంధతి," అని వేలు చూపిస్తాడు. అప్పుడు పట్టపగలు కావచ్చు, మబ్బు పట్టివుండవచ్చు, నెత్తిన షామియానా కూడా వుండవచ్చు. "కనబడిందా?" అంటే, "కనబడింది," అంటారు. పెళ్ళివారికి అది ఆచారం గనక పోనీ అనుకుందాం. చదువుకునేవాడికి మాత్రం అది పనికిరాదు. నక్షత్రానికీ గ్రహానికీ తేడా ఏమిటని పరీక్షలో అడిగితే, నా విద్యార్థులు పొల్లుపోకుండా వ్రాసేవారు. రాత్రిపూట బయటికి తీసుకువచ్చి ఒక గ్రహాన్ని చూపించమంటే దిక్కులు చూసేవారు! మాట వచ్చింది, వస్తువు రాలేదు. అందుచేత మనం ఇవాళ కొన్ని మాటలను వస్తువులతో సహా నేర్చుకుందాం.

మొదటి మాట నక్షత్రం. ఇది మా లైట్‌మన్ కొడుక్కి ఒక్క నిమిషంలో అర్థమయింది. షూటింగులో వెలుగునిచ్చే సామాను రెండు రకాలు. ఒకటి దీపం. అది తనంతట తాను వెలుగుతుంది. రెండవది రిఫ్లెక్టరు, అనగా తళతళలాడే పలక. దానికి స్వంత వెలుగు లేదు. ఎండను పట్టి నటుడి ముఖం మీదికి తిప్పుతుంది. ఆకాశంలోనూ ఇంతే. స్వంత వెలుగు గలది నక్షత్రం. దాన్నే తార అంటాము. మన సూర్యుడు ఒక నక్షత్రం. సూర్యుడి చుట్టూ తిరుగుతూ, ఆ వెలుగునే పట్టి మనకేసి పంపేవి గ్రహాలు. గ్రహం చుట్టూ తిరిగేది ఉపగ్రహం. మన చంద్రుడు భూమికి ఉపగ్రహం.

గ్రహాలు ఎనిమిది. సూర్యుడి దగ్గరినుంచి వరసగా బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు, బృహస్పతి, శని, యురేనస్, నెప్ట్యూన్. మీ అమ్మా నాన్నా చదువుకునే రోజుల్లో ప్లూటోతో కలిపి తొమ్మిది అని చెప్పేవాళ్ళం. 2006లో ప్రపంచంలోని ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమై ప్లూటోను మరుగుజ్జు గ్రహాలలో చేర్చారు. "మరి గుడిలో నవగ్రహాలు వున్నాయి కదా, మాస్టారూ?" అని మేకప్‌మన్ కూతురు అడిగింది. మంచి ప్రశ్న. పూర్వులు గ్రహం అన్నప్పుడు ఆకాశంలో నక్షత్రాల మధ్య చోటు మారేవాటినన్నిటినీ లెక్కించారు. అందుచేత సూర్యుడూ, చంద్రుడూ కూడా ఆ జాబితాలో చేరారు. రాహు కేతువులు కంటికి కనిపించే వస్తువులు కావు. ఆకాశంలో సూర్యుడి దారిని చంద్రుడి దారి దాటే రెండు చోట్లు అవి. ఆ మాటతో మనకు ఇంకా పని వున్నది, గుర్తుంచుకోండి.

చూసి గుర్తుపట్టటం ఎట్లా? నక్షత్రం మినుకు మినుకుమంటుంది. అది ఎంతో దూరాన సూదిమొనంత కనిపించటంచేత, దాని సన్నని వెలుగును మన గాలి అటూ ఇటూ కదిలిస్తుంది. గ్రహం దగ్గరిది గనక నిలకడగా వెలుగుతుంది. ఒకనాటి సాయంకాలం డ్రైవరుగారి కవలలు పడమటి ఆకాశం చూసి, "మాస్టారూ, అది షూటింగు డ్రోను!" అని అరిచారు. అయిదు నిమిషాలు చూడమన్నాను. డ్రోను ఎక్కడికీ పోలేదు, మినుకుమనలేదు. అది శుక్రుడు. అదే శుక్రుడు కొన్ని నెలలు తెల్లవారుజామున తూర్పున కనబడతాడు. అప్పుడు మనవాళ్ళు వేగుచుక్క అంటారు.

ఇక రెండు జంట మాటలు. బొంగరం తన చుట్టూ తాను తిరుగుతుంది. దీన్ని భ్రమణం అంటారు. భూమి భ్రమణంవల్ల పగలూ రాత్రీ కలుగుతున్నవి. బొంగరం తిరుగుతూ తిరుగుతూ నేలమీద పెద్ద గుండ్రం కూడా చుట్టిందనుకోండి, అది పరిభ్రమణం. భూమి సూర్యుడి చుట్టూ ఒక పరిభ్రమణం చేస్తే సంవత్సరం. ఆ దారి పేరు కక్ష్య. బొంగరానికి మేకు వున్నట్టే భూమికి ఒక అక్షం వున్నదనుకోవాలి. నిజానికి అక్కడ మేకూ లేదు, కడ్డీ లేదు. మన ఊహలో గీసుకున్న గీత అది.

చంద్రుడి సంగతికి వద్దాం. సెట్లు వేసేవారి దగ్గర థర్మోకోల్ ముక్కలకు కొదవలేదు. మా పిల్లలు ఒక ముక్కను గుండ్రంగా చెక్కి బంతి చేసి తెచ్చారు. చీకటి గదిలో ఒకే దీపం పెట్టాం. బంతిని చేత్తో చాచిపట్టుకుని, తలకంటె కాస్త ఎత్తుగా వుంచి, ఉన్నచోటనే మెల్లగా గుండ్రంగా తిరగండి. దీపం వైపు తిరిగినప్పుడు బంతి మనవైపు నల్లగా వుంటుంది. అది అమావాస్య. పక్కకు తిరిగేసరికి సగం వెలుగుతుంది. అది అష్టమి చంద్రుడు. దీపానికి వీపు పెట్టి నిలబడితే బంతి నిండుగా వెలుగుతుంది. అది పున్నమి. వీటినే చంద్రకళలు అంటారు. చంద్రుణ్ణి ఎవరూ కొరకటం లేదు, అతికించటం లేదు. సగం చంద్రుడు ఎప్పుడూ వెలుగులోనే వుంటాడు. ఆ వెలుగులో మనకు కనబడే భాగమే మారుతుంది.

1957లో వచ్చిన "మాయాబజార్" సినిమాలో, పడవ మీద వెన్నెల దృశ్యం మీలో చాలామంది చూసివుంటారు. ఆ వెన్నెల చంద్రుడిది కాదు. మార్కస్ బార్ట్‌లీ అనే ఛాయాగ్రాహకుడు చేసిన వెన్నెల. ఎందుకు చెయ్యవలసి వచ్చిందో తెలుసా? పున్నమి వెన్నెల మనకు ఎంత తెల్లగా కనబడినా, ఎండలో సుమారు 4 లక్షలవ వంతు మాత్రమే. ఆనాటి ఫిల్ముకు అది చాలదు. మన కన్ను ఎండలోనూ చూడగలదు, వెన్నెలలోనూ చూడగలదు. అంతటి పనిముట్టు ప్రతివాడి ముఖానా వున్నది!

బంతిని తల ఎత్తుకు దించి, దీపానికి వీపు పెట్టి నిలబడితే మీ తల నీడ బంతిమీద పడుతుంది. అది చంద్రగ్రహణం. దీపానికి ఎదురుగా తిరిగి, బంతి దీపాన్ని కప్పేట్టు పడితే అది సూర్యగ్రహణం. మరి ప్రతి పున్నమికీ, ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు రాదు? చంద్రుడి కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి వున్నది. దారులు రెండూ దాటుకునే చోట, అనగా మన రాహు కేతువుల దగ్గర, చంద్రుడు వున్నప్పుడే ముగ్గురూ ఒక వరసలోకి వస్తారు. రాహువు మింగాడన్న మాటలో వున్న లెక్క ఇది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో, 1980 ఫిబ్రవరి 16న, సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. చంద్రుడి నీడ కర్ణాటకలో నేల మీదికి వచ్చి, మన ప్రాంతం మీదుగా ఒరిస్సా వైపు సాగిపోయింది. ఆ దారిలోనే, హైదరాబాదుకు ఆగ్నేయంగా, జపాల్, రంగాపూర్ అనే గ్రామాల దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయంవారి వేధశాల వున్నది. మా అధ్యాపకులొకరు కొందరు విద్యార్థులను ఆ దాపులకు తీసుకువెళ్ళారు. ఊళ్ళో తలుపులన్నీ మూసివున్నవి. కుక్క తప్ప మనిషి కనబడలేదు. చెరువుగట్టు మీద నిలబడి, అధ్యాపకులు తెచ్చిన తగిన ఫిల్టర్లలోంచి చూస్తున్నాం. మధ్యాహ్నం మూడున్నర దాటాక గాలి చల్లబడింది. కొంగలు చెట్లకు తిరిగి వచ్చినవి. ఉన్నట్టుండి సూర్యుడున్న చోట నల్లని బిళ్ళ, దాని చుట్టూ తెల్లని ప్రభామండలం! పైన శుక్రుడు మెరుస్తున్నాడు. సుమారు రెండు నిమిషాలు, అంతే. మళ్ళీ ఎండ. మూసిన తలుపుల వెనక వున్నవాళ్ళు ఆ దృశ్యాన్ని జన్మలో ఒక్కసారి చూసే అవకాశం పోగొట్టుకున్నారు గదా అని నాకు ఇప్పటికీ విచారమే. ఒక హెచ్చరిక: సూర్యుణ్ణి వట్టి కంటితో గాని, నల్ల కళ్ళద్దాలతో గాని, దూరదర్శినితో గాని చూడకూడదు. కళ్ళు పోతవి. పెద్దవారు ఇచ్చిన, సరియైన సౌర ఫిల్టరు లేనిదే ఆ పనికి పూనుకోకండి.

ఇప్పుడు మన ఇళ్ళలో రోజూ వినబడే మాటలు చూద్దాం. చంద్రుడు నక్షత్రాల మధ్య ఒక చుట్టు తిరగటానికి 27 రోజుల పైచిలుకు పడుతుంది. అందుకే పూర్వులు ఆ దారిని 27 భాగాలు చేసి, అశ్విని మొదలు రేవతి వరకు 27 నక్షత్రాల పేర్లు పెట్టారు. రోజుకొక నక్షత్రం ఇంటిలో చంద్రుడు దిగుతాడన్నమాట. పున్నమి చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర వుంటే ఆ నెలకు ఆ పేరు. కృత్తిక దగ్గర వుంటే కార్తీకం, మృగశిర దగ్గర వుంటే మార్గశిరం, చిత్త దగ్గర వుంటే చైత్రం. కృత్తికలు చిన్న గుంపు. కోడిచుట్టూ పిల్లలు చేరినట్టుంటుందని పల్లెలలో పిల్లలకోడి అంటారు. కార్తీక పున్నమినాడు దీపాలు వెలిగించాక తూర్పు చూడండి. చంద్రుడు పిల్లలకోడి దాపునే వుంటాడు. మన క్యాలెండరు గోడమీద మాత్రమే కాదు, ఆకాశంలోనూ వేలాడుతున్నది!

సూర్యుడు కూడా ఆ 27 ఇళ్ళనే చుట్టివస్తున్నట్టు కనబడతాడు. ఆయనకు ఏడాది పడుతుంది గనక, ఒక్కొక్క ఇంటిలో 13, 14 రోజులుంటాడు. రైతులు చెప్పే కార్తె అదే. మే నెలాఖరున రోళ్ళు పగిలే ఎండలతో రోహిణి కార్తె వస్తుంది. జూన్ రెండవ వారంలో మృగశిర కార్తె ప్రవేశించిన రోజున హైదరాబాదులో చేపల బజార్లు కిటకిటలాడతవి. మరి, రోహిణి కార్తెలో రాత్రి రోహిణిని చూపించండి, చూద్దాం! కనబడదు. ఎందుకంటే అప్పుడు సూర్యుడు ఆ నక్షత్రం వైపే వున్నాడు. రోహిణి పగలు సూర్యుడితో లేచి, సూర్యుడితో అస్తమిస్తుంది. నక్షత్రాలు రోజూ సుమారు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తవి. ఆరు నెలలు ఆగితే అదే రోహిణి రాత్రంతా కనబడుతుంది. జాతకాల సంగతి వేరు. మనం ఇక్కడ చూస్తున్నది సూర్యచంద్రులు నడిచే దారిని మాత్రమే.

చలికాలం రాత్రి భోజనాలయాక ఆకాశంలో మూడు నక్షత్రాలు ఒకే వరసలో, సమదూరంలో కనబడతవి. అవి ఓరియన్ అనే నక్షత్రమండలానికి నడికట్టు. నక్షత్రమండలం అంటే మన కంటికి ఒక ఆకారంగా తోచే నక్షత్రాల గుంపు. ఆ మూడింటి గీతను ఒకవైపు సాగదీస్తే ఎర్రని రోహిణి తగులుతుంది. రెండోవైపు సాగదీస్తే రాత్రి ఆకాశంలోకెల్లా కాంతిగల నక్షత్రం లుబ్ధకం తగులుతుంది.

అవి ఎంత దూరం? కిలోమీటర్లలో చెబితే సున్నాలు వ్రాయటానికే సరిపోతుంది. వెలుగు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. చంద్రుడి వెలుగు మనను చేరటానికి ఒక సెకను పైచిలుకు, సూర్యుడి వెలుగుకు 8 నిమిషాల పైచిలుకు పడుతుంది. ఏడాదిలో వెలుగు పోయే దూరమే కాంతి సంవత్సరం. అది సుమారు 9 లక్షల 46 వేల కోట్ల కిలోమీటర్లు. జాగ్రత్త! కాంతి సంవత్సరం దూరానికి కొలత, కాలానికి కాదు. లుబ్ధకం 8.6 కాంతి సంవత్సరాల దూరాన వున్నది. రోహిణి సుమారు 65. అనగా, నేను ఉయ్యాలలో వున్నప్పుడు రోహిణిలో బయలుదేరిన వెలుగు ఈ చలికాలం మా మేడకు చేరుతున్నది! మీ వయస్సు ఎనిమిదో తొమ్మిదో అయితే లుబ్ధకం మీ ఈడు నక్షత్రం.

వేసవిలో ఉత్తరం చూడండి. గరిటె ఆకారంలో ఏడు నక్షత్రాలు వుంటవి. అవి సప్తర్షులు. గరిటె గిన్నె చివరనున్న పులహ, క్రతువులను కలిపి గీతను సాగదీస్తే ధ్రువ నక్షత్రం వస్తుంది. భూమి అక్షం దాదాపు దానివైపే చూస్తున్నది గనక అది కదలనట్టుంటుంది. హైదరాబాదులో అది నేల అంచుకు సుమారు 17 డిగ్రీల ఎత్తున వుంటుంది. ఎందుకంటే మన అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకు. చెయ్యి చాచి పిడికిలి పట్టితే సుమారు 10 డిగ్రీలు. అంటే రెండు పిడికిళ్ళకు కాస్త తక్కువ. గరిటె కాడలో చివరినుంచి రెండవది వసిష్ఠుడు. అతన్ని ఆనుకుని చిన్నగా, సిగ్గుపడుతున్నట్టుగా ఒక నక్షత్రం వున్నది చూశారా? అదే అరుంధతి!

మా మేడమీద ఆ రాత్రి పదిమందిలో ముగ్గురే, "కనబడింది," అన్నారు. మిగిలిన ఏడుగురూ, "కనబడలేదు," అన్నారు. ఆ ఏడుగురినీ నేను మెచ్చుకున్నాను. అప్పుడు లైట్‌మన్ కొడుకు అడిగాడు: "మాస్టారూ, పుస్తకంలో పాలపుంత అని వున్నది. అదెక్కడ?"

పాలపుంత అంటే మన సూర్యుడు వుండే నక్షత్రాల మహానగరం. కోటానుకోట్ల నక్షత్రాల వెలుగు కలిసి పాలు ఒలికిన బాటలాగా ఆకాశానికి అడ్డంగా కనబడుతుంది. కాని ఫిల్మ్‌నగర్‌లో కనబడదు. మా నియమం ప్రకారం నేనూ, "కనబడదు నాయనా," అన్నాను. వాణ్ణి పిలుచుకుపోవటానికి వచ్చిన వాళ్ళ నాన్న ఆ మాట విన్నాడు. "నేను చూశానండీ," అన్నాడు. ఒకసారి అడవిలో రాత్రి షూటింగు ముగిశాక ఆయనే జనరేటరు ఆపాడట. లైట్లన్నీ ఆరిపోయిన తరువాత తలెత్తితే, ఈ చివరనుంచి ఆ చివరకు తెల్లని బాట. "పాతికేళ్ళుగా లైట్లు వేస్తున్నాను. ఆర్పితే ఏం కనబడుతుందో ఆనాడే తెలిసింది," అన్నాడు. కొడుకు తండ్రి ముఖంకేసి అట్లాగే చూస్తూ వుండిపోయాడు.

ఈ చిక్కు ఇవాళ్టిది కాదు. నవాబ్ జఫర్ జంగ్ అనే ప్రభువు 1901లో హైదరాబాదులో వేధశాల స్థాపించాడు. తరువాత అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, బేగంపేటలో నిజామియా వేధశాలగా పేరుపొందింది. ఆకాశమంతటినీ ఫోటోలు తీసి నక్షత్రాల జాబితా తయారుచేయాలని 1887లో పారిస్‌లో మొదలైన మహా ప్రయత్నంలో, ఒక పట్టీ ఆకాశం మన హైదరాబాదు వంతుకు వచ్చింది. ఇక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి ఓపికగా లక్షలాది నక్షత్రాల చోట్లు కొలిచారు. ఆ వేధశాల ఉద్యోగి కొడుకే వేణు బాపు. ఆయన హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదివి, అమెరికా వెళ్ళి, 1949లో ఒక ఫోటో పలకమీద ఎవరూ ఎరుగని తోకచుక్కను గుర్తించాడు. ఇద్దరు సహచరుల పేర్లతోబాటు ఆయన పేరు కూడా దానికి పెట్టారు. కాని ఊరు పెరిగింది, దీపాలు పెరిగినవి. 1968లో 48 అంగుళాల కొత్త దూరదర్శినిని బేగంపేటలో కాక, అంత దూరాన రంగాపూర్‌లో నిలపవలసి వచ్చింది.

1985లో అప్పటి ముఖ్యమంత్రి, తెర మీద పెద్ద తార అయిన ఎన్.టి. రామారావు, నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం ప్రారంభించారు. అక్కడ గుమ్మటం లోపల పాలపుంత కనబడుతుంది. తప్పక వెళ్ళి చూడండి. కాని అది బొమ్మ. అసలుది బయట వున్నది.

ఊరి దీపాలన్నీ మనం ఆర్పలేము. రాత్రిపూట నడిచేవారికీ, పనిచేసేవారికీ దీపం కావాలి. కాని దీపం నేలకు కావాలి గాని ఆకాశానికి ఎందుకు? పైన మూత వున్న దీపం కిందికే వెలుగునిస్తుంది. మా మేడమీది దీపానికి పిల్లలు రేకు మూత చేశారు. చుట్టుపక్కల నాలుగు ఇళ్ళవారిని అడిగితే, గంటసేపు మేడమీది దీపాలు ఆర్పటానికి ఒప్పుకున్నారు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది. అంతవరకు సెల్‌ఫోను చూడరాదు. మొదట కృత్తికలు ఒక్క మసక మరకలాగా వున్నవి. అరగంటయాక మేకప్‌మన్ కూతురు నాలుగు లెక్కపెట్టింది. లైట్‌మన్ కొడుకు అయిదన్నాడు. పాలపుంత మాత్రం కనబడలేదు. వచ్చే వేసవి సెలవులలో వాణ్ణి అమ్మమ్మగారి పల్లెకు తీసుకుపోయి చూపిస్తానని వాళ్ళ నాన్న మాట ఇచ్చాడు.

మీకు కూడా పని చెబుతాను. ఒక నోటుపుస్తకం తీసుకుని నెల రోజులు ఇట్లా చేయండి. రోజూ ఒకే వేళకు చంద్రుడి ఆకారం, వున్న దిక్కు గీయండి. మినుకుమనని చుక్క ఒకటి వెతికి, దగ్గరి నక్షత్రాలతో సహా గుర్తువేసి, వారం తరువాత చోటు మారిందేమో చూడండి. కృత్తికలలో ఎన్ని కనబడ్డవో, దీపం ఆర్పక ముందు ఎన్నో, ఆర్పిన తరువాత ఎన్నో వ్రాయండి. హైదరాబాదులో వున్నవారు మే 9, ఆగస్టు 3 ప్రాంతాలలో మధ్యాహ్నం 12 దాటిన కాసేపటికి నిటారుగా నిలబెట్టిన కర్రను చూడండి. దాని నీడ ఎక్కడికి పోయిందో చెప్పండి. ఏమీ కనబడని రాత్రి, కనబడలేదని వ్రాయండి. మబ్బు పడితే మబ్బు అని వ్రాయండి. అది కూడా లెక్కలోకే వస్తుంది.